డిక్కీ నేలలో స్క్రూ దిగకూడదు

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చిన్న వ్యాపారం చేసేవాళ్ళలో చాలామందికి కారు డిక్కీయే గోదాం అయిపోయింది. పొందూరు ఖాదీ చీరలు ఊరూరా చూపించి అమ్మేవాళ్ళు, పలాస జీడిపప్పు డబ్బాలు తీసుకెళ్ళేవాళ్ళు, మందుల కంపెనీల ప్రతినిధులు, కరెంటు పనివాళ్ళు, పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు వడ్రంగి దగ్గరకు వచ్చి డిక్కీలో అరలు కట్టమంటున్నారు. వడ్రంగి తనకు బాగా వచ్చిన పనే చేస్తున్నాడు. వంటింటి కప్‌బోర్డుకు వాడే 18 మి.మీ. ప్లైవుడ్ కోసి, సన్‌మైకా అతికించి, నాలుగు మూలలా డిక్కీ నేలలోకి స్క్రూలు దించి బిగిస్తున్నాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఆ పద్ధతి బండికీ మంచిది కాదు, అందులో కూర్చునేవాళ్ళకీ మంచిది కాదు. కట్టించుకునేవాళ్ళూ కట్టేవాళ్ళూ ఇద్దరూ చదువుతారని ఈ ఉత్తరం మీ పత్రికకు రాస్తున్నాం.

డిక్కీ పెట్టెకు మూడు లక్షణాలు ఉండాలి. పానా, స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా రెండు నిమిషాల్లో బయటికి రావాలి. బండి దేన్నైనా గుద్దినా పెట్టె ఉన్నచోటే ఉండాలి. బండి రేకులో ఒక్క కొత్త రంధ్రం కూడా పడకూడదు. ఈ మూడూ కలిసి కుదరవనుకుంటారు గానీ, కుదురుతాయి.

ముందు ఆ రంధ్రం సంగతి. డిక్కీ నేల రేకు మందం ఒక మిల్లీమీటరుకు మించదు. అందులోకి 35 మి.మీ. స్క్రూ దించితే, ప్లై 18, కార్పెట్టు ఒక ఐదు పోయినా, పది మి.మీ. పైన మొన కిందికి పొడుచుకొస్తుంది. కింద ఏముందో పైనుంచి కనబడదు. బండిని బట్టి పెట్రోలు పోసే గొట్టం, పెట్రోలు ఆవిరి గొట్టం, వెనక బ్రేకు పైపు, పార్కింగ్ సెన్సర్ల తీగలు ఆ చుట్టుపక్కలే వెళ్తుంటాయి. సీఎన్‌జీ బండిలో గ్యాసు పైపు కూడా అక్కడే. వీటిలో ఏదీ తగలకపోయినా తుప్పు మాత్రం తప్పదు. డ్రిల్లు బిట్టు తిరిగేటప్పుడు రంధ్రం అంచున పెయింటు లేచిపోతుంది, ఇనుప రజను కార్పెట్టు కిందే ఉండిపోతుంది. మనది సముద్రపు గాలి తగిలే నేల. వానలో చక్రాలు చిమ్మిన నీళ్ళు కిందనుంచి స్క్రూ మరల వెంట పైకి ఎక్కుతాయి. మొదటి వానాకాలంలో స్క్రూ తల చుట్టూ టీ మరకలాంటి రంగు కనిపిస్తుంది. తర్వాత పెయింటు బుడగలా ఉబ్బుతుంది. గోటితో గీకితే అప్పడంలా పెళుసుగా ఊడొస్తుంది. అప్పటికి రంధ్రం స్క్రూ కంటే పెద్దదైపోయి, పట్టు వదిలేసి, పెట్టె వదులుగా ఊగుతూ ఉంటుంది. అంటే దేనికోసం స్క్రూ దించారో ఆ పని కూడా జరగదు.

ఇప్పటికే రంధ్రాలు పడి ఉంటే స్క్రూలు తీసేసి, రజను అయస్కాంతంతో ఏరేసి, అంచులు ఉప్పు కాగితంతో తెల్లని ఇనుము కనబడేదాకా రుద్దాలి. పైనా కిందా ప్రైమరు రెండు పూతలు, ఆరాక పెయింటు, ఆ తర్వాత రబ్బరు బిరడా గానీ బాడీ సీలెంటు గానీ. తుప్పు మీదే ఎంసీల్ నింపి వదిలేస్తే లోపల తినేయడం ఆగదు.

చట్టం మాటా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వెనక సీటు పీకేసి అక్కడిదాకా అరలు కట్టిస్తే పత్రంలో రాసిన సీట్ల సంఖ్యకూ బండికీ పొంతన ఉండదు. ఎత్తి బయట పెట్టుకోగలిగిన పెట్టెతో ఆ పేచీ రాదు. సూట్‌కేసు ఎలాగో అదీ అలాగే.

ఇక కొలతలు. డిక్కీ లోపలి కొలత తీసుకుని పెట్టె చేసేస్తే, తీరా పెట్టబోయేసరికి పెట్టె తలుపులోంచి దూరదు. చాలా బళ్ళలో లోపలి వెడల్పు కంటే డిక్కీ నోరు చిన్నది. అందుకే వెడల్పంతా ఒకటే పెట్టె చేయకుండా రెండు పెట్టెలు పక్కపక్కన ఉండేలా చేయాలి. ఒక్కరే ఎత్తుకోగలరు కూడా. కొలతకు టేపు ఒక్కటే చాలదు. ఫ్రిజ్జు అట్టపెట్టె తెచ్చుకోండి. నేలకు సరిపడా అట్ట కోసి పరిచి, చక్రం గూడు వంపు దగ్గర కొద్దికొద్దిగా కత్తిరిస్తూ సరిపెట్టాలి. ఆ మీద ‘పై’, ‘ఎడమ’, ‘సీటు వైపు’ అని రాసుకోవాలి. ఎడమ కుడి రెండూ ఒకేలా ఉంటాయని ఒక అట్టనే తిరగేసి వాడొద్దు. ఒక పక్క జాకీ గూడు ఉంటుంది, ఇంకో పక్క ఉండదు. అట్టలతోనే పెట్టె ఆకారం టేపు అంటించి నిలబెట్టి, డిక్కీలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాకే ప్లై మీద గీత గీయాలి. గంట పడుతుంది గానీ ఆ గంట ఒక షీటు ఖరీదు మిగులుస్తుంది.

డిక్కీ తలుపు మూసినప్పుడు లోపలి వైపు ఎంత దిగుతుందో బయటినుంచి తెలియదు. దానికి గోధుమపిండి ముద్ద చాలు. అట్ట పెట్టె వెనక అంచు మీద, మూలల్లో నిమ్మకాయంత ముద్దలు పెట్టి, పైన పాలిథిన్ ముక్క కప్పి, తలుపు మెల్లగా మూసి తీయండి. ముద్ద ఎంత మందం మిగిలిందో అదే మీకున్న ఖాళీ. కనీసం 25 మి.మీ. ఉండాలి. డిజైర్, అమేజ్ లాంటి వెనక డిక్కీ వేరుగా ఉండే బళ్ళలో తలుపు కడ్డీలు రెండు వైపులా హంస మెడలా వంగి లోపలికి దిగుతాయి. అక్కడ కూడా ముద్ద పెట్టి చూడాలి. ఆ కడ్డీ రోజూ పెట్టె మూలను కొడుతుంటే ముందు పెట్టె చితుకుతుంది, ఆ తర్వాత తలుపు వంకరపోతుంది.

ఎత్తు విషయంలో ఆశ వద్దు. వెనక సీటు వీపు పైఅంచు కంటే పెట్టె గానీ దాని మీద సరుకు గానీ పైకి ఉండకూడదు. ఎందుకో కింద చెబుతాం.

హ్యాచ్‌బ్యాక్‌కు బాగా సరిపోయే ఒక లెక్క ఇస్తున్నాం. మీ బండి కొలత బట్టి మార్చుకోండి. ఒక్కో పెట్టె వెడల్పు 450, లోతు 500, ఎత్తు 250 మి.మీ. అలాంటివి రెండు. 9 మి.మీ. ప్లై 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒక్కటి రెండు పెట్టెలకూ సరిపోతుంది. అడుగు పలకలు, మూతలు కలిపి 450కి 500 ముక్కలు నాలుగు, పక్కలకు 250 మి.మీ. పట్టీలు కోస్తే పొడవాటి వైపు సుమారు 210 మి.మీ. వెడల్పు పట్టీ మిగులుతుంది. మధ్య అరలకు అదే వాడుకోవచ్చు. రంపం తినే 3 మి.మీ. ప్రతి కోతకూ లెక్కలో వేసుకోవాలి. ప్లై బరువు రెండు పెట్టెలకూ కలిపి సుమారు 11 కిలోలు. అదే 18 మి.మీ. తో చేస్తే 21 కిలోలు దాటుతుంది, మైకా వేరే. పాతిక కిలోల బియ్యం బస్తాలో దాదాపు సగం బరువును రోజూ ఊరికే మోస్తూ తిరగడమే అది.

ప్లై కొనేటప్పుడు ‘కమర్షియల్’ అని ఇచ్చేది తీసుకోవద్దు. అది గాలి తేమ తట్టుకుంటుంది గానీ నీళ్ళు తట్టుకోదు. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) అని గానీ, ఐఎస్ 710 మెరైన్ అని గానీ ముద్ర ఉండాలి. ముద్ర మీద అనుమానముంటే రెండంగుళాల ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో గిన్నెలో గంటసేపు మరిగించండి. పొరలు విడిపోతే ఆ షీటు వద్దు. మెరైన్ గ్రేడు 72 గంటలు మరిగినా విడిపోకూడదన్నది ప్రమాణం. అంచులు కూడా చూడాలి. పొరల మధ్య సందులుంటే స్క్రూ అక్కడే పట్టు తప్పుతుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అసలు వద్దు. గతుకుల్లో ఆ బోర్డులోని స్క్రూ రంధ్రం పొడిపొడిగా రాలి వదులైపోతుంది, తడి తగిలితే బోర్డు బూరెలా ఉబ్బుతుంది.

9 మి.మీ. ప్లై అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు చీలతాయి. అందుకే నాలుగు మూలల్లోనూ, అడుగు చుట్టూ లోపలి వైపునా 20 మి.మీ. చదరపు గట్టికర్ర రీపరు (సన్న కర్రబద్ద) వేసి, పలకను రీపరుకు బిగించాలి. రెండు పెట్టెలకు 20 అడుగుల రీపరు చాలు. స్క్రూలు 25 మి.మీ. పొడవు, 3.5 మి.మీ. లావు. ముందు 2.5 మి.మీ. బిట్టుతో రంధ్రం వేసుకోవాలి. మూల రీపరుకు ఒక్కో వైపునుంచి మూడు. రెండు వైపుల స్క్రూలూ ఒకే ఎత్తులో వేస్తే రీపరు లోపల ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, 15 మి.మీ. ఎత్తు తేడా పెట్టాలి. అడుగు రీపరుకు ఒక్కో పక్కనుంచి నాలుగు, అడుగు పలకనుంచి మొత్తం పదహారు. పెట్టెకు 56 చొప్పున రెండింటికీ 112 పడతాయి, 120 తెచ్చుకోండి. జిగురు మెరైన్ ఫెవికాల్. ఇంట్లో కుర్చీలకు వాడే మామూలు ఫెవికాల్ తడికి వదిలేస్తుంది. జిగురు పూసి స్క్రూలు సగం బిగించాక, మూలమట్టంతో పాటు రెండు కర్ణాలూ టేపుతో కొలవాలి. రెండింటికీ తేడా 2 మి.మీ. కంటే ఎక్కువ ఉంటే అప్పుడే నొక్కి సరిచేసి, పూర్తిగా బిగించి రాత్రంతా వదిలేయాలి. ఆరాక సరిచేయడం ఎవరి వల్లా కాదు.

మధ్య అరలను మేకులతో కొట్టొద్దు. అడ్డపలకకూ నిలువుపలకకూ సగం ఎత్తు దాకా గాడి కోసి ఒకదానిలో ఒకటి దించితే కోడిగుడ్ల అట్టలా గళ్ళు ఏర్పడతాయి, కావలసినప్పుడు పీకేసి మార్చుకోవచ్చు. గాడి వెడల్పు షీటు మీద రాసినదాన్ని బట్టి కోయకండి. 9 అని అమ్మే ప్లై ఒక్కోసారి ఎనిమిదిన్నరే ఉంటుంది. ముక్కను కొలిచి, రంగు మందం కలుపుకుని గాడి కోయాలి. వదులైన గాడి రాజాం రోడ్డు మీద పావుగంటలో టకటక మొదలెడుతుంది.

రంగు లోపల, బయట, అడుగున కూడా వేయాలి. ప్లై నీళ్ళు తాగేది అంచులోంచి కాబట్టి అంచులకు మూడు పూతలు, మిగతాచోట్ల రెండు. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు, ముసురు పట్టిన రోజుల్లో రెండు. అడుగున నాలుగు మూలలా 10 మి.మీ. రబ్బరు కాళ్ళు వేస్తే కింద గాలి ఆడుతుంది.

మూతకు మూడడుగుల పియానో హింజ్ (పొడవాటి పట్టీలాంటి బందు) ఒకటి కొని రెండు ముక్కలు చేసుకోవచ్చు. స్టీలుదే తీసుకోవాలి, ఇత్తడి పూత వేసిన ఇనుము మన గాలికి ఆరు నెలలు నిలవదు. 9 మి.మీ. మూతకు స్క్రూ వేస్తే పట్టు ఉండదు, లేదా మొన పైకి వచ్చి చేయి గీసుకుంటుంది. 3 మి.మీ. నట్టుబోల్టులు వాషర్లతో వేయాలి. మూత మూసి ఉంచడానికి బీరువాకు పెట్టే అయస్కాంతం గతుకుల్లో నిలవదు. పట్టి లాగి బిగించే టాగిల్ క్యాచ్ పెట్టాలి. పట్టుకోవడానికి రెండు పక్కలా 100కి 30 మి.మీ. రంధ్రం, పైఅంచుకు 40 మి.మీ. కింద. అంచులు గుండ్రంగా రుద్దకపోతే సరుకు నిండిన పెట్టె ఎత్తినప్పుడు వేళ్ళు కోసుకుపోతాయి.

పెట్టెకు కార్పెట్టు అతికించేవాళ్ళు దాని మందం మరిచిపోతారు. 3 మి.మీ. కార్పెట్టు రెండు వైపులా కలిపి 6 మి.మీ. పెరుగుతుంది. మూత చుట్టూ, రెండు పెట్టెల మధ్యా ఆ లెక్క ముందే వదులుకోవాలి. ఎస్ఆర్ 998 లాంటి జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటీ అంటనట్టయ్యేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి అదమాలి. తడిగా ఉండగానే అదిమితే బుడగలు వస్తాయి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఆ జిగురు మెత్తబడుతుంది కాబట్టి మడిచిన అంచుల్లో స్టేపుల్ గన్నుతో పిన్నులు కూడా కొట్టాలి. ఆ జిగురు ఆవిరి మండేది. పని బయట, గాలిలో, బీడీ సిగరెట్టు దూరంగా పెట్టి చేయాలి. పెట్టెను కనీసం ఒక రోజు బయటే ఆరబెట్టాకే బండిలోకి తేవాలి.

ఇప్పుడు కట్టడం. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళే ఎక్కువ. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంలో ఉన్న బండి దేన్నో గుద్ది సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 14 రెట్ల బలంతో ముందుకు తోస్తుంది. 25 కిలోల పెట్టె 350 కిలోల తోపు తోస్తుందన్నమాట. దాని ముందున్నది వెనక సీటు, ఆ సీటులో పిల్లలు. సీటు వీపు కంటే ఎత్తున్న సరుకైతే తలల మీదుగానే వస్తుంది. అందుకే పెట్టెను సీటు వీపుకు ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టాలి. ఖాళీ ఉంటే పెట్టె ఆ ఖాళీలో వేగం అందుకుని వచ్చి గుద్దుతుంది. సీటు వీపు నిలబెట్టి, లాక్ పడిన శబ్దం విని, ఒకసారి లాగి చూడాలి.

కొన్ని బళ్ళలో డిక్కీ నేలలో గానీ పక్కల్లో గానీ సామాను కట్టుకునే కొక్కేలు కంపెనీయే ఇస్తుంది, కార్పెట్టు కింద దాగి ఉంటాయి. వాటికి 25 మి.మీ. పాలిస్టర్ పట్టీలు బకిలుతో వేయాలి, పెట్టెకు రెండు. పట్టీ లేబులు మీద పని భారం కనీసం 250 కిలోలు రాసి ఉండాలి. పట్టీ పెట్టె మీదుగా వేస్తే సరిపోదు, అడుగు కిందనుంచి రబ్బరు కాళ్ళ మధ్యగా చుట్టి తేవాలి. అప్పుడు మూత ఊడినా పెట్టె ఆగుతుంది. బైకు వెనక కట్టే కొక్కేల రబ్బరు తాడు ఇందుకు పనికిరాదు, అది సాగుతుంది. అడుగున వెల్క్రో అతికిస్తే మలుపుల్లో జారకుండా ఉంటుంది, గుద్దుడుకు మాత్రం ఆగదు. సీటు బెల్టు బోల్టులు విప్పి వాటికి కట్టడం ఎవరు చెప్పినా చేయొద్దు. కొక్కేలు లేని బండైతే అందులో తక్కువ ఎత్తు పెట్టె పెట్టి, తేలిక సామాను మాత్రమే వేసుకోవాలి.

బరువు లెక్క ఆర్సీలో, కొన్ని బళ్ళలో తలుపు దగ్గరి స్టిక్కరులో కూడా ఉంటుంది. సరుకుతో సహా గరిష్ఠ బరువు 1335, ఖాళీ బండి 875 అనుకుందాం. మోయగలిగేది 460 కిలోలు. 65 కిలోల చొప్పున ఐదుగురు కూర్చుంటే 325 పోయి 135 మిగులుతుంది. పెట్టె బరువు, సరుకు, స్టీరియో పెట్టె అన్నీ ఆ 135లోనే. ఇంకో సంగతి. వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనకగా 60 కిలోలు పెడితే, రెండు ఇరుసుల మధ్య 240 సెంటీమీటర్లున్న బండిలో, ముందు చక్రాల మీదనుంచి 15 కిలోలు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 75 పడతాయి. ముందు తేలికైతే హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. రణస్థలం, ఎచ్చెర్ల మధ్య హైవే మీద రాత్రిళ్ళు ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టే లైట్లలో కొన్ని ఇలా వెనక బరువెక్కినవే. స్టీరింగు పక్కన లైటు ఎత్తు తగ్గించే చిన్న చక్రం ఉన్న బళ్ళలో దాన్ని తిప్పుకోవాలి. టైర్లలో గాలి స్టిక్కరు మీద నిండు బరువుకు రాసినంత పెట్టించాలి. బరువైనవి సీటు వైపు అడుగున, తేలికవి తలుపు వైపు.

స్టెప్నీ దగ్గర జరిగే పొరపాటు మనిషిని రోడ్డు మీద నిలబెట్టేస్తుంది. అడుగున స్టెప్నీ, పైన బిగించిన అరలు, అరల నిండా సరుకు. టైరు పోయిన రోజున వానలో, చీకట్లో, లారీలు పక్కనుంచి పోతుండగా ముందు అరలు విప్పాలి. స్టెప్నీ కారు అడుగున బయట వేలాడే బళ్ళలో దాన్ని దించే బోల్టు డిక్కీ నేలలోనే ఉంటుంది, చిన్న మూత కింద. ఆ మూత మీద పెట్టె కాలు పడకూడదు. జాకీ, పానా, ఎర్ర త్రికోణం పెట్టె వెనకాల మూలన చిక్కుకోకుండా, డిక్కీ తలుపు తీయగానే చేతికందే అరలో పెట్టుకోండి. వెనక లైటు బల్బు మార్చే చిన్న తలుపులు పక్కల్లో ఉంటాయి, వాటికి చేయి దూరేంత ఖాళీ ఉంచాలి.

ఇంకా ఎవరూ గమనించనిది ఒకటి. డిక్కీ పక్కల లోపల, వెనక బంపరు చాటున, గాలి బయటికి పోయే రబ్బరు రెక్కల కంతలు ఉంటాయి. ప్లై పలకతోనో కార్పెట్టుతోనో వాటి దారి మూసేస్తే తలుపులు గట్టిగా కొడితే గానీ పడవు, వానలో అద్దాలకు ఆవిరి పట్టి వదలదు. పెట్టెకూ పక్క గోడకూ మధ్య 20 మి.మీ. వదిలితే చాలు.

స్టెప్నీ గుంటలో నీళ్ళు చేరడం మన దగ్గర మామూలే. వెనక లైటు వాషరు ఎండకు గట్టిపడినా, తలుపు రబ్బరు ఒకచోట లేచినా నీరు అక్కడికే దిగుతుంది. పెట్టె పెట్టేముందు లోపల ఒకరు టార్చితో కూర్చుని, బయట ఒకరు పైపుతో పది నిమిషాలు నీళ్ళు కొడితే ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది. వానాకాలంలో పదిహేను రోజులకోసారి పెట్టె తీసి గుంట తడిమి చూడాలి.

సీఎన్‌జీ బళ్ళ గురించి ఒక్కటే మాట. సిలిండరు చుట్టూ ప్లై గోడ కట్టి అందంగా కనపడకుండా చేయమని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆ పని ఒప్పుకోకండి. వాల్వు చేతికి అందాలి, లీకైన గ్యాసు పెట్టెలో నిలవకుండా బయటికి పోవాలి, మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టుకు (నీటి ఒత్తిడి పరీక్షకు) సిలిండరు విప్పాలి. సిలిండరు బ్రాకెట్టుకు ఏ అరా వేలాడదీయొద్దు. మిగిలిన జాగాలో గుడ్డ సంచులే మంచివి.

సొరుగులు కావాలనే కరెంటు పనివాళ్ళకు, ఫొటోగ్రాఫర్లకు: టెలిస్కోపిక్ చానెల్‌కు (సొరుగు జారే ఇనుప పట్టాకు) ఒక్కో పక్కన 13 మి.మీ. చొప్పున మొత్తం 26 మి.మీ. వదలాలి. పెట్టె 2 మి.మీ. వంకర పోయినా సొరుగు పట్టేస్తుంది. వంటింటి చానెల్‌కు తాళం ఉండదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు సరుకుతో ఉన్న సొరుగు దానంతటదే వెనక్కి జారి డిక్కీ తలుపును లోపలినుంచి కొడుతుంది, ఘాట్ పైకి చేరి తలుపు తీయగానే మీ కాళ్ళ మీదికి వస్తుంది. లాక్ ఉన్న చానెలే కొనాలి, లేదంటే బయట గడియ పెట్టాలి. 25 కిలోల సొరుగు పూర్తిగా లాగితే కట్టని పెట్టె బోర్లా పడుతుంది.

అరల కొలత సరుకును బట్టి ఉండాలి. 15 కిలోల నూనె డబ్బా 9 అంగుళాల పైచిలుకు చదరం, దానికి 10 అంగుళాల గడి, ఒక్క అంగుళం ఎక్కువైనా ప్రతి బ్రేకుకూ డబ్బా డోలు వాయిస్తుంది. ఖాదీకి పచ్చి ప్లై తగలకూడదు, చెక్క రసం మరక పడితే తెల్ల చీర మీద వదలదు. లోపల ఉతికిన తెల్ల గుడ్డ పరచాలి, ఇనుప పిన్నులేవీ బయటికి కనబడకూడదు. బుడితి ఇత్తడి సామాను బరువు కాబట్టి అడుగు గడిలో, గిన్నెకూ గిన్నెకూ మధ్య గోనె ముక్క. కళింగపట్నం, భావనపాడు వైపునుంచి చేపలు తెచ్చేవాళ్ళకు ప్లై పెట్టె వద్దేవద్దు. అంచులున్న ప్లాస్టిక్ ట్రేలో థర్మోకోల్ పెట్టె పెట్టండి. ఒక్క చెంబుడు ఉప్పునీళ్ళు కారితే స్టెప్నీ గుంట ఏడాదిలో తుప్పు పడుతుంది. పురుగుమందు సీసాలు, తినే సరుకు ఒకే పెట్టెలో వేరు వేరు గళ్ళలో ఉన్నా సరే, వద్దు.

ఎండలో ఉన్న డిక్కీలో శానిటైజరు, సెంటు డబ్బాలు, సిగరెట్ లైటర్లు, పవర్ బ్యాంకులు ఉంచకూడదు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, దానికి ఐసు ప్యాకుల పెట్టె తప్ప ఏ ప్లై అరా సాయపడదు. లోపల లైటు కావాలంటే బ్యాటరీతో నడిచేది అంటించుకోండి. డిక్కీ లైటు తీగ గిల్లి కలిపితే ఫ్యూజు కొట్టేయడమే కాదు, వారంటీ దగ్గర కూడా మాట పడుతుంది.

కట్టేవాళ్ళకు మా విన్నపం: బండి మనిషి అడిగినా నేలలో స్క్రూ వేయబోమని చెప్పండి. కట్టించుకునేవాళ్ళకు: పని ఒప్పుకునేముందే స్టెప్నీ ఎలా తీస్తారో చూపించమని అడగండి, తడుముకుంటే ఇంకో చోటికి వెళ్ళండి. జిల్లాల్లోని ఐటీఐల్లో వడ్రంగం నేర్చుకునే పిల్లలకు ఇలాంటి పెట్టె ఒకటి చేయించినా ఎంతో మేలు. బండి పని, చెక్క పని రెండూ ఒకేసారి తెలుస్తాయి.

పెట్టె పెట్టాక మొదటి 100 కిలోమీటర్లు తిరిగి వచ్చి అన్నీ బయట పెట్టండి. కొత్త చెక్క కాస్త సర్దుకుని స్క్రూలు పావు తిప్పు వదులవుతాయి, బిగించాలి. పట్టీ ఎక్కడైనా అంచుకు ఒరుసుకుని పీచు లేచిందేమో వేళ్ళతో తడిమి చూడాలి, లేస్తే ఆ అంచును ఉప్పు కాగితంతో గుండ్రం చేసి పట్టీ మార్చాలి. అడుగు కార్పెట్టు మీద కొత్తగా గీత కనిపించినచోట పెట్టె జరుగుతున్నట్టు లెక్క, అక్కడ పట్టీ ఇంకొంచెం బిగించండి.

ఇట్లు,
కారు లోపలి పనులు చేసే కొందరు వడ్రంగులు, సీటు పనివాళ్ళు
విజయనగరం